ఆ అబ్బాయి ఎవరికి ఫోన్ చేయాలనుకున్నాడు?

కర్నూలు

నాయనా,

నీ నవల రాతప్రతి మొత్తం చదివాను. కోసిగి నుంచి కర్నూలు హాస్టలుకు వచ్చిన ఇంటర్ కుర్రవాడు, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, వెళ్లిన అమ్మానాన్నలు, సంక్రాంతి సెలవులకు ఊరు చేరితే ఇంటికి తాళం. మన పడమటి మండలాల బతుకు తెలిసినవాళ్లే రాయగల కథ ఇది. అందుకే గట్టిగా చెబుతున్నాను. ‘ఒంటరితనం కమ్మేసింది’, ‘గుండె బరువెక్కింది’ అన్న వాక్యాలన్నీ కొట్టెయ్. తాళం చూశాక అతడేం చేశాడు? అది నువ్వు రాయలేదు.

అమెరికన్ రచయిత శాలింజర్ 1951లో వెలువరించిన నవల ‘ది క్యాచర్ ఇన్ ది రై’ మరోసారి చదువు. 16 ఏళ్ల హోల్డెన్‌ను బడివాళ్లు పంపించేశారు. ఇంటికి వెళ్లే ధైర్యం లేదు. న్యూయార్క్‌లో రైలు దిగగానే ఫోన్ బూత్‌లో దూరతాడు. అన్న హాలీవుడ్‌లో ఉన్నాడు. చెల్లెలికి చేద్దామంటే అమ్మో నాన్నో ఎత్తుతారని భయం. అలా ఒక్కొక్కరినీ తలచుకోవడం, ఒక్కొక్కరినీ వదిలేయడం. దాదాపు 20 నిమిషాల తర్వాత ఎవరికీ చేయకుండానే బయటికి వస్తాడు. ఆపైన టాక్సీ డ్రైవరును, సెంట్రల్ పార్కు చెరువు గడ్డకడితే అందులోని బాతులు ఎక్కడికి పోతాయని అడుగుతాడు. తనతో కలిసి ఒక గ్లాసు తాగుదువు రమ్మంటాడు. తోడు లేని మనిషి ఇలా కనబడ్డవాడినల్లా పలకరిస్తాడు. నీ కుర్రవాడేమో పేజీలకు పేజీలు అరుగు మీదే కూర్చున్నాడు. చేతిలో ఫోను ఉంది కదా! ఎవరి పేరు దగ్గర వేలు ఆగింది? నాన్నకు చేస్తే చదువు మానేసి వచ్చెయ్యమంటాడనా? అమ్మ ఏడుస్తుందనా?

దిగులుగా ఉందని హోల్డెన్ కూడా పదేపదే అంటాడు. కానీ ఎక్కడ అంటాడో గమనించు. తాను కడుపునిండా తింటుంటే, పక్కన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు రొట్టె, కాఫీతో సరిపెట్టుకోవడం చూసి అంటాడు. అసలు గాయం తమ్ముడు ఆలీ. హోల్డెన్‌కు 13 ఏళ్లప్పుడు లుకేమియాతో పోయాడు. ఆ రాత్రి హోల్డెన్ గ్యారేజీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఇది మనకు ఎక్కడ తెలుస్తుంది? హాస్టలు గదిలో తోటివాడి కోసం వ్యాసం రాసిపెట్టేటప్పుడు! తమ్ముడు ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్న బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. గది గురించో ఇంటి గురించో రాయమంటే ఇదేమిటని వాడు విసుక్కుంటే, హోల్డెన్ ఆ కాగితాలు చించిపారేస్తాడు. ఆ నవలంతటిలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ చోటే. నీ కథలో చనిపోయిన అక్క సంగతి మొదటి పేజీలోనే చెప్పేశావు. దాన్ని లోపలికి జరుపు. ఏదో వేరే పని చేస్తుండగా బయటపడనీ.

నీ కుర్రవాడు మరీ మంచివాడు కూడా. ఆ వయసులో కుంగుబాటు చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటికి వస్తుందని వైద్యులే చెబుతారు. హోల్డెన్ అబద్ధాలాడతాడు, అందరినీ తిడతాడు, స్నేహితురాలిని ఏడిపిస్తాడు. నీవాడిని కూడా వార్డెన్ మీద ఒకసారి అరవనివ్వు.

ఇక చివరి అధ్యాయం. అతన్ని తుంగభద్ర ఒడ్డుకు నడిపించి, చావును వెన్నెలలో అందంగా చూపించావు. ఆ పేజీలు చదివి నాకు కోపం వచ్చింది. అదే హాస్టలులో ఉన్న మరో పిల్లవాడు దాన్ని చదువుతాడు. హోల్డెన్ బతికే ఉంటాడు. చికిత్స పొందుతున్న చోటు నుంచే కథ చెబుతాడు. సెప్టెంబరులో బడికి వెళ్లి శ్రద్ధగా చదువుతావా అని అక్కడి మానసిక వైద్యుడు అడిగితే, ఏమో, ముందే ఎలా తెలుస్తుంది అంటాడు. నీ కథ కూడా అంతవరకే వెళ్లి ఆగవచ్చు. అతడు కోలుకున్నాడని నువ్వు రుజువు చేయనవసరం లేదు.

ఒక్క మాట నేరుగా అడుగుతాను. ఆ అధ్యాయం నీ మనసులోదేనా? అయితే నవల పక్కన పెట్టి ఈ రోజే నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా ఫరవాలేదు. నాతో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. కథకోసమే రాసి ఉంటే, తాళం దగ్గరి సన్నివేశం తిరగరాసి ఆదివారం మా ఇంటికి తీసుకురా. భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన