టెక్ సందేహాలు: ఏ స్నైపర్ కొనాలి, ఎప్పుడు కొనాలి?

ప్రశ్న: వాలరెంట్ షూటింగ్ గేమ్‌లో మార్షల్, అవుట్‌లా, ఆపరేటర్ అని మూడు స్నైపర్ తుపాకులున్నాయి కదా, ఏది బెస్ట్? నేను క్రెడిట్లు (ఆటలోని డబ్బు) సరిపోగానే ఆపరేటర్ కొనేస్తాను. అయినా మ్యాచ్‌లు పోతున్నాయి. ‘నీ ఆప్ (ఆపరేటర్) వల్లే ఓడిపోతున్నాం’ అని ఫ్రెండ్స్ తిడుతున్నారు.
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఫ్రెండ్స్ మాటలో కొంత న్యాయం ఉంది. తుపాకీ మంచిదే. కొనే వేళే కుదరడం లేదు.

ఈ మూడింటినీ పోల్చాలంటే ముందు ఎదుటివాడి షీల్డ్ (కవచం) సంగతి చూడాలి. ఆటలో ఎవరికైనా ప్రాణం 100 పాయింట్లు. 400 క్రెడిట్ల లైట్ షీల్డ్ కొంటే అది 125 అవుతుంది, 1000 పెట్టి హెవీ కొంటే 150. ఇప్పుడు తుపాకుల దెబ్బ చూడండి. ఒంటికి తగిలితే మార్షల్ 101, అవుట్‌లా 140, ఆపరేటర్ 150 తీసేస్తాయి. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. షీల్డ్ లేనివాణ్ణి మార్షల్ ఒక్క దెబ్బకు పడేస్తుంది. లైట్ షీల్డ్ వాణ్ణి అవుట్‌లా పడేస్తుంది. హెవీ వేసుకున్నవాణ్ణి కూడా ఒక్క గుండుతో పంపగలిగేది ఆపరేటర్ ఒక్కటే. తలకు తగిలితే మాత్రం మూడూ ఒకటే, ఏ షీల్డూ కాపాడదు.

కాబట్టి అవతలివాళ్ల జేబులో ఎంతుందో అంచనా వేయడమే అసలు పని. అదేం బ్రహ్మవిద్య కాదు. రౌండ్ గెలిస్తే 3000 వస్తుంది. ఓడితే 1900, వరసగా ఓడుతుంటే 2400, ఆపైన 2900. మనిషిని చంపితే 200. తొలి రౌండ్‌లో అందరి దగ్గరా ఉండేది 800. అది ఓడినవాళ్లు రెండో రౌండ్‌కు హెవీ షీల్డ్, మంచి గన్ రెండూ కొనలేరు. చాలామంది అసలేమీ కొనకుండా దాచుకుంటారు, లేదా లైట్ షీల్డ్‌తో సరిపెడతారు. అప్పుడు మీ చేతిలో 950 క్రెడిట్ల మార్షల్, ఒంటి మీద హెవీ షీల్డ్ ఉంటే 1950తో పని అయిపోయినట్టే. పైగా మార్షల్ పట్టుకుని చురుగ్గా కదలొచ్చు, గురి తప్పితే రెండో గుండు త్వరగా దిగుతుంది.

అవుట్‌లా 2024 జనవరిలో వచ్చింది. ధర 2400, రెండు గొట్టాలు, రెండే గుళ్లు. ఒకదాని వెంట ఒకటి అర సెకను లోపే పేలతాయి. హెవీ షీల్డ్ వాడికి మొదటి గుండు తగిలితే మిగిలేది 10 పాయింట్లే, కాబట్టి రెండోది ఎక్కడ తగిలినా చాలు. రెండూ తప్పితే మాత్రం మళ్లీ నింపుకునేదాకా గోడ చాటున నక్కాల్సిందే. నా లెక్కలో ఇది జనం పట్టించుకోవాల్సినంత పట్టించుకోని తుపాకీ. ఇంకో 500 వేస్తే వాండల్ రైఫిల్ వస్తుంది కదా అని దీన్ని పక్కన పెట్టేస్తారు. పొడవాటి దారిని ఒక్కడే కాపలా కాయాల్సి వచ్చినప్పుడు, ఎదుటి టీమ్ లైట్ షీల్డ్‌లో ఉందని తెలిసినప్పుడు నేనైతే అవుట్‌లానే కొంటాను.

ఇక మీ ఆపరేటర్. 2020 అక్టోబర్‌లో దీని ధరను 4500 నుంచి 5000కు పెంచారు, 2021లో 4700కు దించారు. హెవీ షీల్డ్ కలిపితే 5700. వాండల్, హెవీ షీల్డ్ 3900లో వస్తాయి. జేబు ఖాళీ చేసి ఆప్ కొన్నారు, చచ్చారు, రౌండ్ పోయింది అనుకోండి. చేతికొచ్చేది 1900, దాంతో వాండల్ కూడా రాదు. నలుగురు మంచి గన్లతో దిగుతుంటే మీరొక్కరే పిస్టల్‌తో తిరుగుతారు. మీ శవం పక్కన పడి ఉన్న ఆప్ ఎదుటివాడి చేతికి వెళ్లిందంటే ఆ తర్వాతి రౌండ్‌లో దాన్ని మీ వాళ్ల మీదే పేలుస్తాడు. తిట్లు వచ్చేది ఇక్కడే.

అందుకని ఆప్ కొన్నాక కూడా, తర్వాతి రౌండ్‌కు కనీసం ఒక వాండల్, షీల్డ్‌కు సరిపడా మిగులుతుందంటేనే కొనండి. డిఫెన్స్‌లో ఎక్కువ వాడండి. అసెంట్ మ్యాప్‌లో మిడ్ (మధ్య దారి), బ్రీజ్ మ్యాప్‌లో ఆ పొడవాటి ఖాళీలు దీనికి పుట్టిల్లు. రెండు గుళ్ల మధ్య సెకనున్నర దాటుతుంది, స్కోప్‌లో నడక నెమ్మదిస్తుంది. అంటే పేల్చిన చోటే నిలబడి ఫలితం చూస్తుంటే రెండోవాడు వచ్చి లేపేస్తాడు. ఒకటి పేల్చి పక్కకు తప్పుకోవాలి. జెట్ అనే పాత్రతో ఆడేవాళ్లు ఆప్ ఇష్టపడేది మెరుపులా పక్కకు దూకే ఆ డ్యాష్ కోసమే. రౌండ్ ఎలాగూ పోయిందని తేలిపోతే తుపాకీ కాపాడుకుని దాక్కోండి, పరువేం పోదు.

ఈ అంకెలను గేమ్ కంపెనీ అప్పుడప్పుడు మారుస్తుంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఒకసారి ప్యాచ్ నోట్స్ (మార్పుల జాబితా) చూసుకోండి.

ప్రశ్న: కౌంటర్-స్ట్రైక్ 2 గేమ్‌లో ఉండే ఏడబ్ల్యూపీ స్నైపర్, వాలరెంట్ ఆపరేటర్ రెండూ ఒకటే అని మా అన్నయ్య అంటాడు. చవకైన స్కౌట్ స్నైపర్ కొంటే పిసినారి అని ఎగతాళి చేస్తాడు.
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: మొదటి మాట చాలావరకు నిజం. ఏడబ్ల్యూపీ ధర ఆటలోని డబ్బులో 4750 డాలర్లు. కాళ్లకు తప్ప ఎక్కడ తగిలినా ఒక్క గుండే, కవచం ఉన్నా లేకపోయినా. తేడా సంపాదనలో ఉంది. వాలరెంట్‌లో ఏ గన్‌తో చంపినా 200 వస్తుంది. ఇక్కడ మామూలు రైఫిల్‌తో, స్కౌట్‌తో చంపితే 300, ఏడబ్ల్యూపీతో చంపితే 100 మాత్రమే. కొనేటప్పుడూ కాలుతుంది, వాడేటప్పుడూ కాలుతుంది. 2022 నవంబర్‌లో, ఈ గేమ్ పాత రూపంలో ఉన్నప్పుడే, దాని మ్యాగజీన్‌ను కూడా పది నుంచి ఐదు గుళ్లకు కుదించారు.

స్కౌట్, అంటే ఎస్‌ఎస్‌జీ 08, ధర 1700. హెల్మెట్ ఉన్నా తలకు తగిలితే ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది, ఛాతీకి తగిలితే పోదు. స్కోప్ పెట్టుకుని కూడా వేగంగా నడవొచ్చు, పైకి ఎగిరి ఆ ఎత్తులో క్షణం ఆగినప్పుడు పేల్చినా గుండు పెద్దగా గురి తప్పదు. దీన్ని బాగా వాడేవాడి గురి, ఏడబ్ల్యూపీ వాడేవాడి గురి కంటే మెరుగ్గా ఉండి తీరాలి. ఈ మాట మీ అన్నయ్యకు చదివి వినిపించండి. 5000 డాలర్ల ఆటోమేటిక్ స్నైపర్లు కొనేవాళ్లను ఎగతాళి చేస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: స్నైపింగ్ కోసమని 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. పాత 60 హెర్ట్జ్‌కూ దీనికీ నాకేం తేడా కనిపించడం లేదు. మోసపోయానా?
– విజయవాడ

జవాబు: ముందు సెట్టింగ్స్ చూడండి. ఇలాంటి ఫిర్యాదుల్లో మానిటర్ తప్పు ఉండేది తక్కువ. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్తే రిఫ్రెష్ రేట్ ఇంకా 60 మీదే ఉండి ఉంటుంది. అక్కడ 144 కనిపించకపోతే కేబుల్‌ను అనుమానించండి. పాత హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. తర్వాత గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మల) పరిమితి 60 దగ్గర ఆగి ఉందేమో చూడండి. 60 హెర్ట్జ్‌లో కొత్త బొమ్మ సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది, 144లో 7 లోపే. మూల మీద గురి పెట్టి కూర్చున్న స్నైపర్‌కు ఆ తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ఎమ్మెస్ కోసం డాలస్ వచ్చాను. నెల్లూరులో ఉన్న తమ్ముడితో కలిసి వాలరెంట్ ఆడాలంటే పార్టీలోకి రానివ్వడం లేదు.
– డాలస్, అమెరికా

జవాబు: వాలరెంట్ అకౌంట్లు ప్రాంతాలవారీగా ఉంటాయి. మీది ఉత్తర అమెరికాకు, తమ్ముడిది ఆసియా పసిఫిక్‌కు చెందితే కలవవు. మీకు ఇండియాలో ఉన్నప్పటి పాత అకౌంట్ ఉంటే, దాని ప్రాంతం మార్చకుండా అలాగే ఉంచి వాడుకోండి. కాకపోతే అక్కడి నుంచి ముంబై సర్వర్‌కు పింగ్ (వెళ్లి వచ్చే ఆలస్యం) 200 మిల్లీసెకన్ల పైమాటే. మీరు స్నైపర్ జోలికి పోకుండా స్మోక్‌లు (పొగ తెరలు) వేసే ఏజెంట్‌ను (పాత్రను) తీసుకుని, ఆప్ తమ్ముడికివ్వండి.

ప్రశ్న: విండోస్ 11కు మారాక వ్యాన్ 9003 అని ఎర్రర్ వచ్చి వాలరెంట్ తెరుచుకోవడం లేదు.
– కరీంనగర్

జవాబు: సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు పనిచేసే భద్రతా తనిఖీ) ఆఫ్‌లో ఉందని దాని అర్థం. స్టార్ట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ అని వెతికి, బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే సెటప్) మోడ్ ఏముందో చూడండి. యూఈఎఫ్ఐ అని ఉంటే సులువు: బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. టీపీఎం 2.0 (భద్రతా చిప్) కూడా ఆన్‌లో ఉండాలి. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని రాస్తారు. లెగసీ అని ఉంటే మాత్రం ఏమీ ఆన్ చేయకండి, కంప్యూటర్ బూట్ కాకుండా పోతుంది. ముందు డిస్క్‌ను ఎంబీఆర్ అనే పాత అమరిక నుంచి జీపీటీ అనే కొత్త అమరికకు మార్చాలి. అందుకు విండోస్‌లోనే ‘ఎంబీఆర్2జీపీటీ’ టూల్ ఉంది, ఫైళ్లను తుడిచేయదు. అయినా బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోండి, బయోస్‌లో ఇవి మార్చాక అది అడిగే అవకాశం ఉంది.