దూడ పారుతోంది పాలు ఎక్కువై కాదు, కడుపులో పాములుండి

సందేహం: మాకు నాలుగు గ్రేడెడ్ ముర్రా గేదెలున్నాయి. ఇంతకుముందు రెండు దూడలు నెల తిరక్కుండానే పారి (విరేచనాలై) చనిపోయాయి. ఇప్పుడు 24 రోజుల పెయ్యదూడ కూడా మూడు రోజులుగా మట్టి రంగులో, కంపు కొడుతూ పారుతోంది. పాలు ఎక్కువై అరగడం లేదని ఒక్క చన్నే వదులుతున్నాం. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయోటిక్ బిళ్లలు వేసినా తగ్గలేదు. దూడ పోయిన ఒక గేదె చేపడం (పాలు దించడం) లేదని ఇంజెక్షన్ చేసి పిండుతున్నాం. అది ఈని ఐదు నెలలైనా ఎదకు రాలేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, వైరా, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు దూడకు పాలు తగ్గించడం మానండి. మీరు రాసిన వయసు, పేడ రంగు, కంపు చూస్తే ఇవి ఏలికపాములే అనిపిస్తోంది. పుట్టిన వారం పది రోజుల్లోపు వచ్చే తెల్లపారుడు వేరు. మూడు వారాలు దాటాక ముక్కుతూ నెత్తురు, జిగురు వేస్తే అది కాక్సీడియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పేగుల జబ్బు, దానికి మందు వేరే. అందుకే రేపు ఉదయం అగ్గిపెట్టెడు తాజా పేడ పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి. యాంటీబయోటిక్ పాములను చంపదు. పేడ చూడకుండా, దూడను చూడకుండా షాపులో ఇచ్చే బిళ్లలకు డబ్బు పోసి, ఈలోగా దూడలను పోగొట్టుకుంటున్నారు.

ఈ పాములు దూడకు తల్లి పాలలోనే వస్తాయి. గేదె మేతతో మింగిన గుడ్లలోని పిల్లపురుగులు దాని కండరాల్లో, కాలేయంలో దాగి ఉండి, ఈనే ముందు పొదుగులోకి చేరతాయి. గేదెకు తాపే మామూలు నట్టల మందు అక్కడిదాకా పనిచేయదు. కాబట్టి మందు పడాల్సింది దూడకు.

పరీక్షలో పాములని తేలితే పైపరజిన్ అడిపేట్ కిలో బరువుకు 250 మి.గ్రా. చొప్పున నోటి ద్వారా ఒకేసారి తాపాలి. 36 కిలోల దూడకు 9 గ్రాములు. బరువు కంటితో అంచనా వేయకండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. మూడు వారాలకు మళ్లీ తాపండి. పొట్ట ఉబ్బి పేడ వేయకుండా ఉంటే మాత్రం మీరు తాపకండి. పాములు ఉండలు కట్టి పేగుకు అడ్డం పడి ఉండొచ్చు, డాక్టరే చూడాలి. పారుడు ఆగేదాకా ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు రోజుకు 2–3 లీటర్లు, కొద్దికొద్దిగా, పాలకూ దానికీ గంట ఎడం ఇచ్చి పట్టండి. దూడ లేవలేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయండి.

ఇకపై పుట్టే ప్రతి దూడకూ 10–15 రోజుల మధ్య మొదటి మోతాదు, నెలకు రెండోది, ఆపైన ఆరు నెలలదాకా నెలనెలా.

పాములు పాలలో వస్తాయన్నానని జున్నుపాలు ఆపేరు! అది అన్నిటికంటే పెద్ద తప్పు. మాయ పడేదాకా దూడను తల్లి దగ్గరికి వదలని ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లోనూ అదే జరుగుతోందేమో చూసుకోండి. మాయ పడటానికి 8–12 గంటలు పట్టొచ్చు. జున్నుపాలలోని రోగనిరోధక శక్తిని దూడ పేగు బాగా పీల్చుకునేది మొదటి ఆరు గంటల్లోనే, 24 గంటలు దాటితే ఇక పీల్చుకోదు. పైగా దూడ చీకితేనే మాయ త్వరగా పడుతుంది. పుట్టిన రెండు గంటల్లోపు లీటరున్నర, మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు తాగాలి. మిగిలింది జున్ను వండుకోండి, ఎవరూ వద్దనరు. బొడ్డును రెండు అంగుళాలు వదిలి శుభ్రమైన దారంతో కట్టి, కింద కత్తిరించి టింక్చర్ అయోడిన్ రాయండి.

చేపు కోసం చేసే ఆ ఇంజెక్షన్ ఈ రోజే ఆపండి. అది ఆక్సిటోసిన్ అయి ఉంటుంది. పాల కోసం ఇలాంటి ఇంజెక్షన్లు చేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పిండే ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, రెండు నిమిషాలు నిమరండి. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు పిండితే కొద్ది రోజుల్లో అలవాటు పడుతుంది.

ఎదకు రాలేదంటున్నారు, రాత్రిళ్లు చూశారా? గేదెల్లో మూగ ఎద (లక్షణాలు పైకి కనిపించని ఎద) ఎక్కువ, ఎండాకాలంలో మరీ ఎక్కువ. అరుపు కోసం ఎదురుచూడకుండా రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున మానం దగ్గర తీగలా సాగే తేట జిగురు చూడండి. ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. నెల చూసినా జాడ లేకపోతే డాక్టరుతో గర్భాశయం, అండాశయాలు పరీక్ష చేయించండి. అంతకుముందే షాపులో ఎద ఇంజెక్షన్ కొని చేయించకండి. మీకు తెలియకుండా దున్న దాటి చూడి నిలిచి ఉంటే, ఆ ఒక్క ఇంజెక్షన్‌తో ఈసుకుపోతుంది (గర్భం పోతుంది).