పిక్సెల్ ఫాంట్లు గీస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. పాత వీడియో గేముల్లో ఉండే లావుపాటి గళ్ల అక్షరాలతో సొంతంగా ఫాంట్ చేస్తున్నాడు. బీటెక్ వద్దు, ఇదే నేర్చుకుంటానంటున్నాడు. దీంతో బతకగలడా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పిక్సెల్ ఫాంట్లు అమ్ముకుని మాత్రమే బతకడం కష్టం. 1980ల నాటి నామ్‌కో ఆర్కేడ్ అక్షరాల ఆధారంగా చేసిన ‘ప్రెస్ స్టార్ట్ 2పీ’ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే ఫాంట్‌ను చివరిదాకా పూర్తిచేసి, గేమ్‌లో పెట్టి చూపించగలిగితే గేమ్ స్టూడియోల్లో యూఐ ఆర్టిస్ట్ (గేమ్‌లోని మెనూలు, బటన్లు గీసేవారు) పనికి చూపించుకోవడానికి అదే గట్టి పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనా). అందుకే ఆపకండి, పూర్తి చేయించండి.

చాలామంది 26 ఇంగ్లిష్ అక్షరాలు గీసి ఆగిపోతారు. అంకెలు, విరామ చిహ్నాలు, రూపాయి గుర్తు కూడా కావాలి. 8×8 గళ్ల చట్రంలో అక్షరానికి 7 వరుసలు, 7 నిలువు వరుసలు వాడి, మిగిలినది ఎడంగా వదలాలి. లావు కోసం నిలువు గీత 2 పిక్సెళ్లు (గళ్లు), అడ్డగీత 1 చాలు. అడ్డగీతలు కూడా 2 చేస్తే ఇంగ్లిష్ ‘ఈ’లో మూడు గీతలకే 6 వరుసలు పోతాయి. రెండు ఖాళీలు కావాల్సిన చోట ఒక్క వరుసే మిగిలి, అక్షరం ముద్దవుతుంది.

ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్ ఉచితం. అందులో ఎమ్ సైజు (అక్షరం గీసే చట్రం ఎత్తు) 1024 పెడితే ఒక్కో పిక్సెల్ సరిగ్గా 128 యూనిట్లు. ఫాంట్‌ను 8, 16, 24, 32 ఇలా 8 గుణిజాల పిక్సెల్ సైజుల్లోనే వాడాలి. 20 పెడితే ఫాంట్‌లోని ఒక్కో గడికి తెర మీద రెండున్నర పిక్సెళ్లు పడి, కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. గేములు తయారుచేసే గోడో ఇంజన్‌లో యాంటీ అలియాసింగ్ (అంచులను నునుపు చేసే సెట్టింగ్) తీసేయకపోతే అంచులు మసకబారతాయి.

ఇక తెలుగు. మీవాడికి అసలైన అవకాశం ఇక్కడే ఉందని నా నమ్మకం. 8 వరుసల్లో తెలుగు ఇమడదు. పైన గుడి, కింద వత్తు, ‘స్త్రీ’ లాంటి చోట రెండు వత్తులు పట్టాలంటే 20కి పైగా వరుసలతో మొదలుపెట్టాలి. థ, ధలకు తేడా కడుపులోని చుక్కే. గీత లావెక్కి కడుపు పూడితే ఏది ఏదో తెలియదు. కాబట్టి ముందు చుక్కకు, దాని చుట్టూ ఖాళీకి చోటు చూసుకుని, ఆ తర్వాతే గీత లావు తేల్చుకోవాలి. వత్తులు తమ చోట కూర్చోవాలంటే ఓపెన్‌టైప్ నియమాలు (ఏ అక్షరం పక్కన ఏది ఎలా రావాలో ఫాంట్‌కు చెప్పే సూచనలు) కూడా రాయాలి. ఇది తెలిసినవారు తక్కువ.

చదువుకు యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)కు, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశ పరీక్ష డాట్ రాస్తే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌కు దారి ఉంది. యూసీడ్‌కు ఏ గ్రూపువారైనా అర్హులే. యూసీడ్ పరీక్ష సాధారణంగా జనవరిలో, దరఖాస్తులు అక్టోబరు ప్రాంతంలో ఉంటాయి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ప్రిపరేషన్ మాత్రం మాన్పించకండి. డిజైన్ సీటు రాకపోయినా, బీటెక్ చదువుతూ ఈ పని కొనసాగించవచ్చు. గేమ్ ఇంజన్లలో కోడింగ్ కూడా వచ్చిన డిజైనర్ స్టూడియోలకు కావాల్సినవాడే.