పైలట్ ట్రైనింగ్‌కి ఎయిర్‌లైన్ డబ్బు పెడుతుందా? కల్వకుర్తి తమ్ముడికి

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యావు, చిన్నప్పటి నుంచి పైలట్ కావాలని ఉంది, విదేశాల్లో ఎయిర్‌లైన్సే ఖర్చు పెట్టుకుని ట్రైనింగ్ ఇస్తాయని దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీ ఆయన చెప్పాడు, సీటు బ్లాక్ చేయడానికి ఐదు లక్షలు అడుగుతున్నాడు, అందుకు మీ నాయిన రెండెకరాలు కుదువ పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇదీ నువ్వు రాసింది. ఎయిర్‌లైనే ఖర్చు పెట్టుకుంటే మీ నాయిన పొలం ఎందుకు కుదువ పెట్టాలి? ఈ ప్రశ్న నువ్వు ఆ కన్సల్టెన్సీ ఆయన్ని అడగలేదు. నీ వయసులో నేనూ అడగలేదు, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నా.

నేను కెనడాలో ఉంటాను. ఇక్కడ ఒక ఎయిర్‌లైన్‌లో కెప్టెన్‌ని. మాది నల్గొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలం. మా ఊళ్లో నాకంటే ముందు విమానం ఎక్కినవాళ్లు ఉన్నారు గానీ నడిపినవాళ్లు లేరు. ఎవరూ దారి చూపించకుండా ఇక్కడిదాకా వచ్చాను కాబట్టి నీకు నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనే అనుకుంటున్నా, కాస్త గట్టిగా చెప్పినా ఏమనుకోకు.

ముందు ఆ 'ఎయిర్‌లైన్ ఖర్చు' సంగతి. అది అబద్ధం కాదు, నిజంగానే ఉంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో స్పీడ్‌బర్డ్ అనే పైలట్ ట్రైనింగ్ ప్రోగ్రాం మొదలుపెట్టింది, ఒక్కో మనిషికి సుమారు లక్ష పౌండ్ల ట్రైనింగ్ ఖర్చు కంపెనీయే భరిస్తుంది. ఐర్లాండ్‌లో ఏర్ లింగస్‌కీ అలాంటి ప్రోగ్రాం ఉంది. కానీ బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో చేరాలంటే బ్రిటన్‌లో ఉండి పనిచేసే హక్కు నీకు ముందే ఉండాలి, ఏర్ లింగస్‌లో చేరాలంటే యూరోపియన్ యూనియన్‌లో అదే హక్కు ఉండాలి. స్టూడెంట్ వీసా మీద వెళ్తానంటే అప్లికేషన్ మొదటి పేజీలోనే ఆగిపోతావు. వేల మంది అప్లై చేస్తారు, సీట్లు పదుల్లో ఉంటాయి. కల్వకుర్తి నుంచి నేరుగా ఆ సీట్లోకి చేర్చే కన్సల్టెన్సీ ప్రపంచంలో ఎక్కడా లేదు, ఆ మాట చెప్పి డబ్బు అడిగినవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

మన దేశంలో ఇండిగో, ఎయిర్ ఇండియా లాంటివి నడిపే క్యాడెట్ ప్రోగ్రాంలు వేరే రకం. పేరులో ఎయిర్‌లైన్ ఉంటుంది, సెలక్షన్ కూడా వాళ్లదే, కానీ ఫీజు కట్టేది నువ్వే. కోటి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. వాళ్లిచ్చేది డబ్బు కాదు, అన్ని దశలూ పాసైతే ఉద్యోగం ఇస్తామనే షరతుల మాట. కెనడాలో జాజ్ లాంటి ఎయిర్‌లైన్స్‌కు కాలేజీలతో పాత్‌వే ఒప్పందాలున్నాయి, అక్కడా కంపెనీ నీ ఫీజు కట్టదు, సెలక్షన్‌లో ముందు వరుసలో నిలబెడతారు అంతే. అమెరికా అంటావా, అక్కడ 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా కూర్చోవాలన్నా మామూలుగా 1,500 గంటలు విమానం నడిపి ఉండాలి, ఫ్లయింగ్ లాంటి కోర్సులకిచ్చే ఎం-1 వీసా మీద వెళ్లినవాడికి ఆ గంటలు ఉద్యోగం చేస్తూ పోగేసుకునే వీలు లేదు. వీసా రూల్స్ ఏటా మారుతుంటాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను, ఆయా ప్రభుత్వాల సైట్లలో నువ్వే చూసుకో. ఎవరు 'స్పాన్సర్డ్' అన్నా మూడు సంగతులు రాతపూర్వకంగా అడుగు. డబ్బు ఎవరి ఖాతా నుంచి పోతుంది, ఆ కంపెనీని వదలకుండా పనిచేయాలనే బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో ఫెయిలైతే ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది.

ఇక నా సంగతి. 2007లో మా నాయిన మిర్యాలగూడలో ఫైనాన్స్ ఇచ్చే ఒకాయన దగ్గర 18 లక్షలు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకు 36 వేలు. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ వేసుకోలేదు. పైలట్ అయ్యాక నెలకు లక్షలు వస్తాయి, తీర్చేస్తాం అనుకున్నా. ఇక్కడ ఒక ప్రైవేట్ ఫ్లయింగ్ స్కూల్లో చేరాను. ఫీజు మొత్తం ఒకేసారి కడితే రెండు వేల డాలర్లు తగ్గిస్తామన్నారు. అప్పట్లో కెనడా డాలర్ 40 రూపాయలకు అటూ ఇటూ ఉండేది, అంటే ఎనభై వేలు మిగులుతాయి కదా అని సంబరంగా 30 వేల డాలర్లు ఒక్క చెక్కు మీద కట్టేశాను. ఆ చెక్కు రాసిన పెన్ను కూడా ఆ స్కూల్ ఆఫీస్‌లోదే.

సెప్టెంబర్, అక్టోబర్ బాగానే నడిచాయి. నవంబర్ నుంచి మబ్బు, మంచు. వారానికి ఐదుసార్లు ఫ్లయింగ్ రాసి ఉంటే ఒక్కసారి అయ్యేది. మూడు సెస్నా విమానాల్లో ఒకటి ఇన్‌స్పెక్షన్‌లో, ఇంకొకటి విడిభాగాల కోసం ఆగి ఉండేది. నాకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కి ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, కొత్తవాడు మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాడు. ఫిబ్రవరిలో ఒక ఉదయం వెళ్తే తలుపుకు తాళం ఉంది, అద్దం మీద ఒక కాగితం అంటించి ఉంది. నా లాగ్‌బుక్‌లో అప్పటికి 62 గంటలు. వాడుకున్నది పోను లెక్క వేస్తే 17 వేల డాలర్లు పోయాయి. స్కూల్ మూతపడినప్పుడు ముందే ఫీజు కట్టిన స్టూడెంట్ వంతు మామూలుగా బాగా వెనక వస్తుంది, తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకుల్లాంటివాళ్లు తీసుకోగా మిగిలితే ఇస్తారు. నాకు రూపాయి కూడా రాలేదు.

అందుకే చెబుతున్నా, ఎక్కడ చేరినా, ఎంత పేరున్న స్కూల్ అయినా, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా, మొత్తం ఒకేసారి కట్టొద్దు. పది గంటలకు సరిపడా కట్టు, అవి ఎగిరాక మళ్లీ పది గంటలకు కట్టు. దీనికి ఒప్పుకోని స్కూల్ నీకొద్దు. చేరేముందు అక్కడ చదువుతున్న పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని 'పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావు' అని అడుగు. బ్రోషర్‌లో లేని నిజం అక్కడ తెలుస్తుంది.

ఈ సంగతి నాయినకు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. చెప్పాక ఆయన తిట్టలేదు, 'నీ ఒంట్లో బాగుందా' అని అడిగాడు. తర్వాత మా మేనమామ వడ్డీ లేకుండా నాలుగు లక్షలు సర్దాడు. ప్రభుత్వ కాలేజీలో ఏవియేషన్ డిప్లొమాలో చేరాను, పని చేసుకునే పర్మిట్ వచ్చాక రాత్రిళ్లు పెట్రోల్ బంకులో నిలబడ్డాను. అప్పుడే మాంద్యం వచ్చి ఎయిర్‌లైన్స్ అన్నీ నియామకాలు ఆపేశాయి. 2010లో కమర్షియల్ లైసెన్స్ చేతికొచ్చింది.

అదే ఏడు ఇంటి నుంచి ఫోన్. 'నోటు తిరగరాసినం బిడ్డా' అన్నాడు నాయిన. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి అప్పు ఇచ్చినాయన మూడేళ్లు నిండకముందే వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకుంటాడు. ఆ రోజు మొదటిసారి కాగితం తీసుకుని లెక్క వేశాను. 18 లక్షలు, నెలకు రెండు రూపాయల వడ్డీ, 36 నెలలు. ఏమీ కట్టకపోతే 30 లక్షల 96 వేలు. రెండు పంటల మీద వచ్చింది వచ్చినట్టు నాయిన కడుతూ పోబట్టి కొత్త నోటు 25 లక్షల దగ్గర ఆగింది. రెవెన్యూ స్టాంపు మీద ఆయన సంతకం, కింద సాక్షిగా మా చిన్నాయన సంతకం. ఇప్పుడు నెలకు వడ్డీ 50 వేలు. నా చేతిలో లైసెన్స్ ఉంది, ఉద్యోగం లేదు.

లైసెన్స్ రాగానే జీతం వస్తుందని మీ తరం పిల్లలు కూడా అనుకుంటున్నారు, వీడియోల్లో నాలుగు చారల యూనిఫాం తప్ప మధ్యలో గడిచిన ఏళ్లు కనపడవు కదా. 200 గంటల లైసెన్స్ ఉన్నవాళ్లు ప్రపంచమంతా లెక్కలేనంత మంది ఉన్నారు. మన దగ్గర 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు, మళ్లీ 2020లో కరోనా వచ్చినప్పుడు వేల గంటలు ఎగిరిన పైలట్లే ఇంట్లో కూర్చున్నారు. వాళ్ల మధ్యలో కొత్త లైసెన్స్‌తో నిలబడ్డవాడి నెలవారీ వడ్డీ ఎవరు కడతారో నువ్వు బయలుదేరకముందే తేల్చుకోవాలి.

నాకు దొరికిన మొదటి పని ఉత్తర మానిటోబాలో, అదీ పైలట్‌గా కాదు. ఇక్కడ చిన్న కంపెనీల్లో కొత్త పైలట్ కొన్ని నెలలు ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, పని చేస్తేనే సీటు ఇస్తారు. రోడ్డు కూడా లేని ఊళ్లకు పాలడబ్బాలు, డైపర్లు, స్నోమొబైల్ పార్టులు మోసి విమానంలో ఎక్కించాలి. మైనస్ 38 డిగ్రీల చలిలో తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి ఇంజన్ మీద బొంత లాంటి కవర్ తీసి, రాత్రంతా పెట్టిన హీటర్ ప్లగ్ పీకి, రెక్కల మీద పట్టిన మంచును చీపురుతో ఊడ్చాలి. పలచని పొర మిగిలినా గాలి రెక్క మీద సాఫీగా పారదు, విమానం సరిగ్గా లేవదు, అందుకే గ్లవ్ తీసి వేళ్లతో తడిమి చూసేవాళ్లం. పది నెలలు చేశాను. గంటకు పదమూడు డాలర్లు. ఆ తర్వాతే కో-పైలట్ సీటు, ఆ తర్వాత గంటలు, పీఆర్ (కెనడాలో శాశ్వతంగా ఉండే హక్కు), పెద్ద విమానం. మిర్యాలగూడ అప్పు 2016లో తీరింది. మధ్యలో కాలువ కింద ఎకరంన్నర అమ్మాల్సి వచ్చింది, దాని గట్టు మీద మా తాత నాటిన వేపచెట్టు కూడా దాంతోనే పోయింది.

ఒంటరితనం తట్టుకోవచ్చా అని కూడా అడిగావు. తట్టుకోవచ్చు. వంట నేర్చుకో, వారానికి ఒకసారి ఇంటికి వీడియో కాల్ చెయ్యి. నాకు మాత్రం అప్పు ముందు అది పెద్దగా కనపడలేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. డబ్బు సంగతి ఎత్తకముందు మెడికల్ చేయించుకో. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ వాళ్ల క్లాస్ 2 మెడికల్ ముందు, తర్వాత క్లాస్ 1. బెంగళూరు ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో కూడా చేస్తారు. నేను ఫీజు కట్టాక మెడికల్‌కి వెళ్లాను, ఈసీజీలో చిన్న తేడా ఉందని మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించారు, ఆ రెండు నెలలూ కంటి మీద కునుకు లేదు. రంగులు గుర్తించడంలో చిన్న లోపం ఉన్నా ఈ దారి మూసుకుపోవచ్చు, అది తెలుసుకోవడానికి వేలల్లో అవుతుంది, లక్షల్లో కాదు. మెడికల్ వచ్చాక డీజీసీఏ థియరీ పేపర్లు, నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, ఇంట్లో కూర్చుని చదివి రాయి. ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నవాడికి అవి కష్టం కాదు. అవి పాసైతే నీకు ఈ చదువు పడుతుందో లేదో నీకే తెలుస్తుంది, అప్పటికి ఎకరం కూడా కదిలి ఉండదు.

అప్పు తప్పదనుకుంటే బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్‌కే వెళ్లు. పొలం కాగితాలు అడిగినా సరే, కాళ్లరిగేలా తిప్పినా సరే, నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, ఏ బ్యాంకూ అంత తీసుకోదు. విదేశీ చదువులకు ప్రభుత్వమిచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటివి ప్రధానంగా పీజీ చదువులకు, వాటిమీద ఆశ పెట్టుకుని రోజులు పోగొట్టుకోకు. ట్రైనింగ్ ఖర్చుకు పైన లైసెన్స్ వచ్చాక కనీసం ఏడాది తిండికీ వడ్డీకీ సరిపడే డబ్బు వేరుగా లెక్క రాసుకో. ఆ డబ్బు కనపడకపోతే ఈ ఏడు ఆగు. డిగ్రీలో చేరు, చదువుకుంటూ థియరీ పూర్తి చెయ్యి. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టినవాళ్లు నా పక్క సీట్లో చాలామంది కూర్చున్నారు.

కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన ఫీజు కాగితం, ఒప్పందం కాపీ అన్ని పేజీలూ ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు ఫోన్ చేస్తా, అప్పటికి ఇక్కడ పొద్దున అవుతుంది, నాకు డ్యూటీ లేదు. మీ నాయినను కూడా పక్కన కూర్చోబెట్టు. నేను మాట్లాడేదాకా ఆయన్ని ఎక్కడా సంతకం పెట్టనివ్వొద్దు.