సంగారెడ్డిలో సొంతిల్లా, సిటీలో ఫ్లాటా?

ప్రశ్న: మూసాపేటలో 22 వేల అద్దెకు ఉంటున్నాం. నాది అమీర్‌పేటలో ఉద్యోగం, మావారిది రాయదుర్గంలో. ఇద్దరం రోజూ ఆఫీసుకు వెళ్లాల్సిందే. ఇద్దరికీ కలిపి నెలకు లక్షా 35 వేలు చేతికొస్తాయి. దాచుకున్నది 25 లక్షలు. ఒక కారు, ఒక బైక్ ఉన్నాయి. పాప ఈ ఏడాది ఒకటో తరగతి. మియాపూర్‌లో కడుతున్న డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ 92 లక్షలు చెబుతున్నారు. సదాశివపేటలో ఉండే మా మామగారు సంగారెడ్డిలో 150 గజాల ఇండిపెండెంట్ ఇల్లు 65 లక్షలకు చూశారు. ‘ఫ్లాటంటే గాల్లో గది, ఇదైతే నేల మీది’ అంటున్నారు. చందానగర్‌లో పన్నెండేళ్ల ఫ్లాట్ ఒకటి 74 లక్షలకు వచ్చింది కానీ, పాతది కదా అని ఎవరికీ మనసొప్పలేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మూసాపేట

జవాబు: ముందు మియాపూర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మీ చేతికి అందేది కాదు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. అంటే 92 లక్షల్లో 18 లక్షల 40 వేలు మీరే పెట్టుకోవాలి. కడుతున్న ఫ్లాట్ కాబట్టి 5 శాతం జీఎస్టీ, 4 లక్షల 60 వేలు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, దాదాపు 7 లక్షలు. ఇక్కడికే 30 లక్షలైంది. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం ఇంకా లెక్కలోకి రాలేదు. 8 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లయితే ఈఎంఐ 61,500. మీ జీతాల్లో దాదాపు సగం. పైగా ఫ్లాట్ చేతికొచ్చేదాకా మూసాపేట అద్దె కూడా కడుతూనే ఉండాలి. ఈ ఫ్లాట్ వదిలేయండి.

ఇక సంగారెడ్డి. మీ మామగారు చెప్పిన దాంట్లో నిజం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, నేల విలువ పెరుగుతుంది. 150 గజాలూ మీ పేరు మీదే ఉంటాయి. కాకపోతే ఆయన ఇల్లు చూశారు, రోడ్డు చూడలేదు.

సంగారెడ్డికి రైలు లేదు, కాబట్టి రోడ్డే గతి. మీవారు కారులో కంది, రుద్రారం, ఇస్నాపూర్ దాటి ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రాయదుర్గం చేరాలంటే ఇంచుమించు 50 కిలోమీటర్లు. రానూపోనూ వంద. నెలకు 22 రోజులు, లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున చూసినా పెట్రోలుకే 15,700. నెలకు 2,200 కిలోమీటర్లు తిరిగే కారుకు సర్వీసింగ్, టైర్లు, ఔటర్ టోల్ కలిపి ఇంకో ఐదు వేలు వేసుకోండి. మీకు మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చుండదు. మియాపూర్‌లో దిగి అమీర్‌పేట దాకా మెట్రోకు నెలకు రెండు వేల దాకా అవుతుంది. మొత్తం 22,700.

చందానగర్ నుంచి మీవారు బైక్ మీద వెళ్లిపోవచ్చు. పెట్రోలు 1,500, మీ మెట్రో రెండు వేలు, ఆటోలకు వెయ్యి, ఫ్లాట్ మెయింటెనెన్స్ మూడు వేలు. మొత్తం 7,500.

తేడా నెలకు 15,200. ఇదే డబ్బు ఈఎంఐగా కడితే ఎంత అప్పు వస్తుందో తెలుసా? 8 శాతానికి ఇరవై ఏళ్లకు లక్షకు నెలకు 836 పడుతుంది కాబట్టి 18 లక్షల పైనే. అంటే మీ ఇద్దరి ఉద్యోగాలు ఇప్పుడున్న చోటే ఉన్నంతకాలం సంగారెడ్డి ఇంటి అసలు ధర 65 కాదు, 83 లక్షలు. పాతదని మీరు పక్కన పెట్టిన చందానగర్ ఫ్లాట్ 74. ఇంకో మాట, ఈఎంఐలో అసలు కొంత తీరుతూ ఇల్లు మీదవుతుంది. పెట్రోలు బంకులో పోసిన డబ్బు మళ్లీ కనపడదు.

డబ్బు లెక్క ఇది. టైం సంగతి మీరే చూసుకోవాలి. సంగారెడ్డిలో బస్సు కోసం నిలబడ్డ దగ్గర్నుంచి అమీర్‌పేటలో ఆఫీసు మెట్లెక్కేదాకా మీకు రెండు గంటలు పడుతుంది. సాయంత్రం మళ్లీ రెండు. మధ్యాహ్నం స్కూలు నుంచి ‘పాపకు జ్వరంగా ఉంది, తీసుకెళ్లండి’ అని ఫోన్ వస్తే అమ్మ అమీర్‌పేటలో, నాన్న రాయదుర్గంలో. సదాశివపేట నుంచి తాతయ్య రావాలన్నా ఇరవై కిలోమీటర్లు. ఇలాంటి టెన్షన్‌తో ఏడాది తిరిగేసరికి ఇద్దరిలో ఒకరు, ఎక్కువగా ఆడవాళ్లే, ఉద్యోగం మానేయడం మామూలుగా జరుగుతుంటుంది. అప్పుడు మీ ఇంటి లెక్క మొత్తం తలకిందులవుతుంది.

మెట్రో వస్తుందిగా అంటారేమో. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా రెండో దశ ప్రతిపాదన ఉన్న మాట నిజమే. వచ్చినా పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి ఇంకో పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి ధర పెంచేవాళ్లూ ఉంటారు. రాబోయే రోడ్డుకు ఇప్పుడే డబ్బులివ్వకండి.

సంగారెడ్డి బేరంలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. 65 లక్షలకు అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ ఎంతకు చేస్తామన్నారు? ఊళ్లలో ఇండిపెండెంట్ ఇళ్లకు ‘నలభైకి రాయిద్దాం, మిగతాది చేతికివ్వండి’ అనడం మామూలే. అప్పుడు బ్యాంకు ఆ 40 లక్షల మీదే 80 శాతం, అంటే 32 లక్షలు ఇస్తుంది. మిగతా 33 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు మూడు లక్షలు మీరే సొంతంగా తేవాలి. మీ దగ్గరున్నవి 25. చేబదుళ్లు తెచ్చి సర్దినా, నగదు తీసుకున్నందుకు అమ్మేవాళ్లకు ఆదాయపు పన్ను శాఖ పెనాల్టీ వేసే ప్రమాదం ఉంది, ఆ నగదు ఎక్కడిదని మిమ్మల్నీ అడగొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు కాగితం మీద కొన్న ధర 40 లక్షలే కాబట్టి లాభం ఎక్కువ కనిపించి పన్నూ ఎక్కువ పడుతుంది. ఈ ఒక్క ప్రశ్న మామగారి చేత ముందే అడిగించండి. పూర్తి వైట్, అంటే ధర మొత్తం కాగితం మీదే అంటేనే మిగతా మాటలు. ఆ లేఅవుట్‌కు లేఅవుట్లకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థలైన హెచ్‌ఎండీఏ గానీ డీటీసీపీ గానీ అనుమతి ఉందా, పంచాయతీ లేఅవుటా అన్నది ఆ తర్వాత.

నా ఓటు చందానగర్‌కు. బ్యాంకు 59 లక్షల 20 వేలు ఇస్తే ఈఎంఐ 49,500. జీతంలో 37 శాతం, భరించగలరు. మీ చేతి డబ్బు 14 లక్షల 80 వేలు, రిజిస్ట్రేషన్‌కు ఐదున్నర లక్షలు పోను ఇంకా నాలుగున్నర లక్షల పైన మిగులుతాయి. అందులో మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి మర్చిపోండి. మిగిలిన దాంతో రంగులు, ప్లంబింగ్ అయిపోతాయి. ఓనర్ నుంచి కొంటున్న పాత ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు దాటింది కనుక అమ్మేవాళ్లకు ఇచ్చే దాంట్లో 1 శాతం టీడీఎస్ కోసి ఆదాయపు పన్ను శాఖకు మీరే కట్టాలి, మర్చిపోవద్దు.

అలాగని కళ్లు మూసుకుని కొనమనడం లేదు. పాత ఫ్లాట్‌లో మొదట చూడాల్సింది గోడలకు వేసిన రంగు కాదు, దస్తావేజులో రాసిన అవిభాజ్య భూమి వాటా. మీ మామగారు అడిగే నేల అదే. రెండు ఫ్లాట్లు ఒకే సైజులో ఉన్నా ఒకదానికి 30 గజాలు, ఇంకోదానికి 50 గజాలు ఉండొచ్చు. రేపు బిల్డింగ్ పడగొట్టి కట్టాల్సి వస్తే మీకు దక్కేది ఆ వాటాను బట్టే. బిల్డింగ్ అనుమతి ప్రకారమే కట్టారని, అందులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. ఫ్లాట్ మీద అప్పులు, లావాదేవీలు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) బిల్డింగ్ కట్టినప్పటి నుంచి తీయించండి. వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడండి. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయా, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తారు, లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగింది అన్నవి ఓనర్ కంటే అతనే కరెక్టుగా చెబుతాడు. అసోసియేషన్‌లో బకాయిలు లేవని కాగితం తీసుకోండి. ధర 74 అన్నారు కదా, పన్నెండేళ్ల ఫ్లాట్‌కు బేరం ఆడకుండా ఎవరూ కొనరు. 70 దగ్గర మొదలుపెట్టండి.

పన్ను ఆదా అవుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కొత్త పన్ను విధానంలో మీరుండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు.

మీలో ఒకరికి పటాన్‌చెరు వైపు ఉద్యోగం దొరికినా, మీవారికి వారానికి రెండు రోజులే ఆఫీసు అన్నా సంగారెడ్డి లెక్క మారిపోతుంది, అప్పుడు నేనే కొనమంటాను. మామగారికి ఇదంతా నోటితో చెబితే ఒప్పుకోకపోవచ్చమ్మా. ఒక సోమవారం పొద్దున ఆయన్ను కారులో కూర్చోబెట్టుకుని మీవారు సంగారెడ్డి నుంచి ఆఫీసు టైంకు రాయదుర్గం వెళ్లి, సాయంత్రం ఆరున్నరకు వెనక్కి తీసుకురమ్మనండి. చందానగర్ ఫ్లాట్‌కు టోకెన్ అడ్వాన్స్ ఇవ్వడం ఆ తర్వాతే పెట్టుకోండి.