ఆపరేషన్ అయింది, ఇక కంచం సంగతి

బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్న పాఠకులు తిండి గురించి పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ఐదు వారాల కిందట స్లీవ్ ఆపరేషన్ అయింది. మెత్తటి ఆహారం మొదలుపెట్టమన్నారు. గుడ్డు, పెరుగు బాగానే దిగుతున్నాయి. కోడిమాంసం రెండు ముక్కలు తినేసరికి మాత్రం ఛాతీ మధ్యలో పట్టేసినట్టయి, నోట్లో నురగలా ఉమ్మి ఊరి, చివరికి వాంతి అవుతోంది. లోపల కుట్లు ఊడాయేమోనని భయంగా ఉంది.

జవాబు: కుట్ల దగ్గర లీకైతే జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది, కడుపునొప్పి ఎంతకీ తగ్గదు, ఒక్కోసారి ఎడమ భుజం కూడా లాగుతుంది. వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి. మీరు రాసిన తీరు చూస్తే మాత్రం ముక్క అడ్డుపడుతున్నట్టే ఉంది.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. దానిలో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. పైగా ఐదు వారాలకు లోపలి వాపు పూర్తిగా తగ్గి ఉండదు. పీచుపీచుగా ఉండే కోడిమాంసం, అందులోనూ చల్లారాక మళ్లీ వేడిచేసింది, ఆ గొట్టంలో దూదిలా అడ్డం తిరుగుతుంది. నురగ అంటున్నది ఉమ్మే. అడ్డుపడినదాన్ని కిందికి జార్చడానికి నోరు ఎడతెగకుండా ఉమ్మి ఊరిస్తుంది, అది పైనే నిలిచిపోయి తిరిగి వస్తుంది.

ఇప్పటికి ముక్కలు మానేసి, కోడిమాంసాన్ని కీమాలా కొట్టించి పులుసులో మెత్తగా ఉడికించుకోండి. చేప ఇంకా తేలిక. టీస్పూను వాడండి. ముద్ద శనగగింజ కంటే పెద్దది కాకూడదు. 20, 25 సార్లు నమిలి మింగాక స్పూను కింద పెట్టి ఒక నిమిషం ఆగండి. ఈ ఆగడమే అందరికీ కష్టం. మింగింది గొట్టంలోకి దిగి, 'చాలు' అన్న కబురు మనకు అందేసరికి కొంత సమయం పడుతుంది. ఆలోగా మరో రెండు ముద్దలు వేస్తే అవి నిలవడానికి చోటుండదు. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. ఛాతీలో చిన్న ఒత్తిడి మొదలైనా, కొందరికి వచ్చినట్టు ఎక్కిళ్లో తుమ్మో ముక్కు కారడమో మొదలైనా అక్కడితో ఆపేయండి. కంచంలో ఒక్క ముద్దే మిగిలినా సరే, అది వదిలేయాల్సిన ముద్దే.

అడ్డుపడినప్పుడు నీళ్లు తాగి దించాలని చూడకండి. నీళ్లు ముక్క మీదే నిలబడి వాంతిని తెస్తాయి. లేచి మెల్లగా నడవండి. సర్దుకున్నాక ఆ రోజుకు ద్రవాలే తీసుకుని, మర్నాడు మెత్తగా రుబ్బిన ఆహారం, ఆ తర్వాతే మళ్లీ మెత్తటి ముద్దలు. తినడానికి కాస్త ముందు నీళ్లు ఆపేసి, తిన్నాక 30 నిమిషాలు ఆగి, మిగతా సమయమంతా గుక్కగుక్కగా రోజుకు కనీసం లీటరున్నర తాగండి. ఆపరేషన్ తర్వాత తిరిగి ఆసుపత్రిలో చేరాల్సి రావడానికి పెద్ద కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ఒకటి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వాంతులు రెండు మూడు రోజులు వరసగా ఆగకపోతే మీ సర్జన్‌కు చెప్పాలి. థయమిన్ అనే బి1 విటమిన్ నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అయిపోతే చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తడబడటం, అయోమయం వస్తాయి. అప్పుడు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందే థయమిన్ ఇంజెక్షన్ పడాలి. బరువు తగ్గే ఆపరేషన్ అయిందనీ, ఇన్ని రోజులుగా వాంతులనీ అత్యవసర విభాగంలో ముందుగా చెప్పండి.

ప్రశ్న: స్లీవ్ అయి రెండేళ్లు. 34 కిలోలు తగ్గాను. ఈ ఎనిమిది నెలల్లో 6 కిలోలు పెరిగాను. భోజనం ఇప్పటికీ చిన్న గిన్నెడే తింటున్నాను. పొట్ట సాగిపోయిందా?

జవాబు: మీ భోజనాన్ని అనుమానించే ముందు భోజనానికీ భోజనానికీ మధ్య ఏం జరుగుతోందో చూడండి. గొట్టం కొంచెం సాగడం ఉంటుంది, మనిషి కనిష్ఠ బరువు నుంచి రెండు మూడు కిలోలు వెనక్కి రావడం కూడా మామూలే. ఆరు కిలోలు పెరిగి ఇంకా పెరుగుతోందంటే, ఎక్కువమందిలో కారణం పొట్ట సైజు కాదు, జారిపోయే తిండి.

బిస్కెట్లు, చిప్స్, కేకులు, ఐస్‌క్రీమ్, తీపి టీ, పళ్లరసం నోట్లోనే కరిగి, గొట్టంలో నిలవకుండా పేగులోకి జారిపోతాయి. గొట్టం నిండితేనే కదా కడుపు నిండిందని తెలిసేది! 80 గ్రాముల చేపముక్క దగ్గర చేయి ఆగిపోయే మనిషే, టీలో ముంచుకుంటూ అరడజను బిస్కెట్లు తినగలగడం అందుకే. మీ నిగ్రహం సడలిపోయిందని కుంగిపోకండి. ఆపరేషన్ గట్టి తిండికే అడ్డుకట్ట వేస్తుంది, కరిగే తిండికి దాని దగ్గర అడ్డు లేదు.

లెక్క చూడండి. రోజుకు రెండు టీలు, ఒక్కోదానిలో రెండు టీస్పూన్ల చక్కెర, టీకి మూడేసి బిస్కెట్లు, మధ్యాహ్నం ఒక గ్లాసు పళ్లరసం. ఇవన్నీ కలిపితే 400 కేలరీలు దాటతాయి. మీరు దీన్ని భోజనంగా లెక్కే పెట్టరు, ఆకలీ తీరదు.

ఈ వారం రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ, ఎన్ని గంటలకో కూడా, రాయండి. కూర ఉప్పు చూసిన స్పూనూ, పిల్లలు వదిలేసిన బ్రెడ్ అంచులూ రాయాలి. ఏమీ మార్చకుండా ముందు రాయడమే. ఆ కాగితం మీద తినే వేళలు ఎనిమిదో పదో కనబడితే జబ్బు దొరికినట్టే. తర్వాత మూడు భోజనాలు, అవసరమైతే ఒకటో రెండో అల్పాహారాలు, ప్రతి దాంట్లోనూ నమలాల్సిన ప్రొటీన్, టీ విడిగా చక్కెర లేకుండా. ప్రొటీన్ షేకులు మొదటి నెలల్లో ఆదుకున్నాయి గానీ, రెండేళ్లయ్యాక భోజనం బదులు షేక్ తాగితే గంటకే ఆకలేస్తుంది. కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటుంటేనే అన్నమో బ్రెడ్డో.

ఇలా ఆరు వారాలు చేసినా బరువు ఆగకపోతే సర్జన్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్ చూపించి, మీరు వాడే మందుల్లో బరువు పెంచేవి ఉన్నాయేమో అడగండి. అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. ఆకలి తగ్గించే మందులూ ఉన్నాయి. ఆర్నెల్లు సిగ్గుపడి కూర్చోవడం కంటే ఆరు కిలోల దగ్గరే వెళ్లడం చాలా నయం.

ప్రశ్న: గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) అయి పద్నాలుగు నెలలు. అన్నం ఎక్కువ తిన్నా, స్వీట్ తిన్నా రెండు గంటలకు చేతులు వణికి చెమటలు పడుతున్నాయి. చాక్లెట్ తింటే తగ్గుతోంది, కాసేపటికి మళ్లీ మొదలు.

జవాబు: దీన్ని లేట్ డంపింగ్ అంటారు. తిన్న పావుగంట, అరగంటకే దడ, విరేచనం వచ్చేది వేరు. అప్పుడు చిక్కటి తీపి పేగులోకి నీటిని లాగుతుంది. మీకు జరుగుతున్నది ఇది: పిండిపదార్థం పేగులోకి ఒక్కసారిగా దిగి రక్తంలో చక్కెర వేగంగా పెరుగుతుంది, దానికి ఇన్సులిన్ అతిగా విడుదలవుతుంది, ఒకటి నుంచి మూడు గంటల్లో చక్కెర మరీ పడిపోతుంది. చాక్లెట్ మళ్లీ అదే చక్రాన్ని తిప్పుతోంది.

వణుకు వచ్చినప్పుడు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, చక్కెర నిలబడ్డాక ఒక గుడ్డో, చిన్న కప్పు పెరుగో తినండి. ఈ రెండోది మరిచిపోవడం వల్లే మళ్లీ మొదలవుతోంది. నివారణకు పూటకు పిండిపదార్థం 30 గ్రాముల లోపు ఉంచి, అదీ ప్రొటీన్ తిన్నాకే తీసుకోండి. స్పృహ తప్పినా, నిద్రలో వచ్చినా డాక్టర్‌ను కలిసేదాకా వాహనం నడపకండి.

ప్రశ్న: శాకాహారిని, గుడ్డు కూడా తినను. స్లీవ్ అయిన నాలుగో నెలలో జుట్టు కుచ్చులుగా ఊడుతోంది. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ ఎలా సాధ్యం?

జవాబు: మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు ఊడటం, ఆపరేషనూ వేగంగా బరువు తగ్గడమూ ఒంటికి ఇచ్చిన కుదుపు వల్ల. కుదుళ్లు చావవు, తిరిగి మొలుస్తాయి. ఆరు నెలలు దాటినా ఊడుతూనే ఉంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), జింక్, థైరాయిడ్ చూపించాలి.

ప్రొటీన్ విషయానికి వస్తే: 200 మిల్లీలీటర్ల పాలలో 6 గ్రాములకు పైగా, నీరు వడకట్టిన గట్టి పెరుగు 150 గ్రాముల్లో 13 దాకా, ఉడికిన గట్టి పప్పు 100 గ్రాముల్లో సుమారు 8, పొడి మీల్ మేకర్ 30 గ్రాముల్లో 15 ఉంటుంది. మీల్ మేకర్ నానితే మూడింతలవుతుంది, అందుకే రెండు పూటలకు పంచుకోండి. పప్పు రెండుసార్లు తిన్నా మొత్తం 50 దగ్గరే ఆగుతుంది. మీకింకా నాలుగో నెలే కాబట్టి ఆ లోటుకు 20 గ్రాముల ప్రొటీన్ ఇచ్చే పౌడర్ ఒక స్కూప్ వాడటం తప్పు కాదు, పాలలో కలిపితే ఇంకా మేలు. నీళ్ల పప్పుచారుతో మాత్రం కడుపు నింపుకోకండి, దానిలో ప్రొటీన్ పేరుకే.

ప్రశ్న: రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. విటమిన్ మాత్రలు ఆపేయవచ్చా?

జవాబు: వద్దు. బాగున్నది ఆ మాత్రల వల్లే. బి12 నిల్వలు ఏళ్లపాటు నెమ్మదిగా తరుగుతాయి, కాళ్ల తిమ్మిర్లు మొదలయ్యేసరికి నరం దెబ్బతిని ఉంటుంది. మాత్రలు జీవితాంతం, పరీక్షలు ఏడాదికోసారి. కాల్షియం సిట్రేట్ రూపంలో, ఒక్కో విడతకు 500 లేదా 600 మిల్లీగ్రాములు మించకుండా, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. ఐరన్ మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు. ఐరన్‌ను టీతో వేసుకోకండి.

ప్రశ్న: బైపాస్ అయింది. మోకాళ్ల నొప్పికి పాత బిళ్లలు వేసుకోవచ్చా?

జవాబు: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివైతే వద్దు. పేగును పొట్టకు కలిపిన చోట పుండ్లు పడి, రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. పొగతాగితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మామూలు నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. బైపాస్ అయిందన్న మాట మీ మందుల చీటీ పైభాగంలో రాయించుకోండి, పంటి డాక్టర్‌కైనా ముందు అదే చూపించండి.