బొమ్మ కింద చిన్నక్షరాలు చదవండి

ప్రశ్న: మేడం, నాకు 41 ఏళ్ళు. రెండేళ్ళుగా ఇంట్లోనే వాటర్‌కలర్స్ వేస్తున్నాను, అంతా వీడియోలు చూసే. పాజ్ చేసుకుంటూ వేస్తే బానే వస్తుంది, అది కట్టేసి సొంతంగా ఏదైనా వేద్దామంటే చెయ్యి ఆడదు. పెద్ద మ్యూజియంలు వాళ్ళ కలెక్షన్లు ఆన్‌లైన్‌లో పెట్టాయి, వాటిల్లోంచి నేర్చుకోవచ్చని ఎవరో చెప్తే ఓపెన్ చేశాను. లక్షల్లో బొమ్మలు! గంటన్నర స్క్రోల్ చేసి, కళ్ళు నొప్పెట్టి మూసేశాను. వీటితో నిజంగా టెక్నిక్ వస్తుందా, లేక చూసి ఆనందించడానికేనా?

జవాబు: వస్తుందండీ, కానీ మీరు వెళ్ళిన పద్ధతిలో రాదు. ఎగ్జిబిషన్‌కి వెళ్ళినట్టు వెళ్ళారు మీరు. వీడియోలో ఇక్కడ ఏ రంగు, ఎంత నీళ్ళు, ఎప్పుడు ఆపాలి అన్నీ అవతలివాళ్ళే తేల్చేస్తారు, మీ చెయ్యి వాళ్ళ వెనకాల నడుస్తుంది అంతే, అందుకే వీడియో ఆగితే చెయ్యీ ఆగిపోతోంది. మ్యూజియం బొమ్మ నోరు విప్పదు. మీరే అడగాలి, మీరే వెతుక్కోవాలి. కష్టం అక్కడే, చదువూ అక్కడే.

ముందు మీకు కుదరని పని ఒక్కటంటే ఒక్కటే పట్టుకోండి. జంతువు బొచ్చో, నీళ్ళ మీద వెలుగో, ముసలివాళ్ళ చేతులో, ఏదో ఒకటి. దాన్ని పట్టుకుని వెతకండి. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000 ఫొటోలని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది, ఆ తర్వాత ఇంకా కలుపుతూనే ఉంది. వాళ్ళ సెర్చ్‌లో ఓపెన్ యాక్సెస్ అని ఫిల్టర్ ఉంటుంది, దాంతోపాటు డ్రాయింగ్స్ అండ్ ప్రింట్స్ విభాగం కూడా పెట్టుకోండి. పెయింటింగులు కావు, డ్రాయింగులు. పెయింటింగ్ అంటే అన్నీ కప్పేసిన తర్వాత మిగిలింది, డ్రాయింగ్‌లో చెయ్యి ఎటు తిరిగిందో ఇంకా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. బొమ్మ కింద మీడియం అని, అంటే దేంతో వేశారో చెప్పే ఒక లైన్ చిన్నక్షరాల్లో ఉంటుంది, అందరూ దాన్ని దాటేసి వెళ్ళిపోతారు, నేనూ చాలా ఏళ్ళు దాటేశాను. 'పెన్ అండ్ బ్రౌన్ ఇంక్, బ్రౌన్ వాష్, ఓవర్ బ్లాక్ చాక్' అని ఉందనుకోండి, ఆ 'ఓవర్' అన్న మాట దగ్గర ఆగండి. అడుగున నల్ల చాక్ గీత ఉంది, ఇంకూ వాషూ (నీళ్ళు బాగా కలిపి పల్చగా వేసే రంగు పూత) దాని మీదకొచ్చాయి అని అర్థం. అంటే ఏది ముందో ఏది తర్వాతో మ్యూజియం వాళ్ళే చెప్పేశారు. 'హైటెన్డ్ విత్ వైట్' అంటే వెలుగు పడేచోట తెల్లరంగు పెట్టారని, అలా లేకపోతే ఆ తెలుపు చాలావరకు వదిలేసిన కాగితమే. 'స్క్వేర్డ్ ఫర్ ట్రాన్స్‌ఫర్' అంటే బొమ్మని పెద్ద సైజులోకి మార్చడానికి గళ్ళు గీశారని. జూమ్ చేస్తే ఆ గళ్ళు కనిపిస్తాయి, మహా మహా వాళ్ళే గళ్ళు గీసుకున్నారని తెలిస్తే స్కేలు పట్టుకోవడానికి మనకెందుకండీ సిగ్గు!

సగంలో ఆగిపోయిన బొమ్మలు కూడా వెతకండి, నా ఉద్దేశంలో అంతకంటే మంచి మాస్టార్లు లేరు. లండన్ నేషనల్ గ్యాలరీలో మైకెలాంజెలోది మాంచెస్టర్ మడోన్నా అని ఒకటుంది, ఎడమ పక్కన ఉన్న దేవదూతలు పూర్తవ్వలేదు, ఒళ్ళంతా ఆకుపచ్చగానే ఉండిపోయింది. చర్మం రంగుకి అడుగున ఆకుపచ్చ వేసి దాని మీద గులాబీ రంగులు ఎక్కించేవాళ్ళు అప్పట్లో, అడుగు పొర వల్ల నీడలు చల్లగా వస్తాయి. ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు, ఆ పచ్చటి బుగ్గలు ఒక్కసారి చూస్తే మర్చిపోరు.

ఇక మీది వాటర్‌కలర్ కాబట్టి ఒక్క బొమ్మ చెప్తాను, నెలంతా దాంతోనే ఉండండి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు. వియన్నాలో ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది, దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మన నోట్‌బుక్ పేజీ అంత. దూరం నుంచి చూస్తే ప్రతి వెంట్రుకా వేసేశాడు అనిపిస్తుంది. దగ్గరికెళ్ళండి. అడుగున అంతటా పల్చటి గోధుమరంగు వాష్ ఉంటుంది, అక్కడక్కడా ముదురు, అక్కడక్కడా లేత, ఒంటి గుండ్రదనమంతా ఈ వాష్‌లోనే వచ్చేసింది. దాని మీద సన్నని బ్రష్‌తో ముదురు వెంట్రుకలు, వాటి మీద గువాష్‌తో, అంటే అడుగు రంగు కనపడనివ్వని చిక్కటి వాటర్‌కలర్‌తో, లేత వెంట్రుకలు. ఒక్కో చోట ఒక్కో దిక్కుకి తిరుగుతాయి, ఛాతీ దగ్గర ఒత్తుగా, చెవుల మీద పొట్టిగా. కంట్లో చూడండి, చిన్న కిటికీ ప్రతిబింబం ఉంటుంది. ఆ కాస్త వెలుగు తీసేస్తే కుందేలు కాస్తా బొమ్మైపోతుంది.

మీరు చెయ్యాల్సింది కుందేలు మొత్తం కాదు, భుజం దగ్గర 5 సెంటీమీటర్ల ముక్క. ముందు పది నిమిషాలు బ్రష్ ముట్టుకోకుండా చూసి, ఏది ముందు వేశాడు ఏది తర్వాత అని కాగితం మీద మీ మాటల్లో రాసుకోండి. అదే వరసలో వెయ్యండి. తర్వాత స్క్రీన్ కట్టేసి అదే ముక్క గుర్తున్నంతవరకు మళ్ళీ వేసి, అప్పుడు తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి, ఎక్కడ తేడా కొట్టిందో అక్కడే మీకు రాని విషయం ఉంది. నా మొదటి ప్రయత్నంలో వాష్ ఆరకముందే వెంట్రుకలు మొదలుపెట్టేశాను, అంతా కలిసిపోయి తడిసిన దుప్పటిలా తయారైంది. సామెతలో కుందేలుకి మూడు కాళ్ళైనా ఉన్నాయి, నా దానికి అవీ తేల్లేదు. నాలుగోసారికి వాష్ ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. తర్వాత అదే పద్ధతిలో ఇంట్లో ఉన్న టవలో, ఉన్ని స్వెటరో వెయ్యండి. అది కుదిరిందంటే టెక్నిక్ మీదైపోయినట్టే.

ప్రశ్న: ఇలా కాపీ కొట్టడం తప్పు కాదా? వేసినవి సోషల్ మీడియాలో పెట్టుకోవచ్చా? మా ఫ్రెండ్స్ 'సొంతంగా వెయ్యి' అంటున్నారు.

జవాబు: వాన్ గో 1880లో బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు షార్ల్ బార్గ్ డ్రాయింగ్ కోర్సు షీట్లు ముందు పెట్టుకుని దించాడు. 1887లో హిరోషిగే జపాన్ ప్రింట్లని ఆయిల్‌లో వేశాడు. చివరి రోజుల్లో ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే బొమ్మల నలుపు తెలుపు ప్రింట్లు చూసి రంగుల్లో ఇరవై దాకా వేశాడు, రంగులన్నీ తనవే. మరి ఆయన్ని ఎవరూ కాపీగాడు అనలేదే! పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఇప్పటికీ పర్మిషన్ తీసుకుని ఈజిల్ పెట్టుకుని కాపీలు వేస్తారు, షరతుల్లో ఒకటి, సైజు ఒరిజినల్‌తో సమానంగా ఉండకూడదు. మీరూ అంతే, కింద 'డ్యూరర్ బొమ్మ చూసి' అని రాసి మీ పేరు పెట్టుకోండి, ఆయన సంతకం మాత్రం దించొద్దు. బొమ్మ పక్కన పబ్లిక్ డొమైన్ అని గానీ సీసీ జీరో (CC0) అని గానీ ఉంటే, అంటే ఎవరైనా వాడుకోవచ్చని ఉంటే, దిగులు లేదు. ఇప్పుడు బతికున్న ఆర్టిస్టుల బొమ్మలు మ్యూజియం సైట్లో ఉన్నా వాటికి హక్కులుంటాయి, వాటిని ప్రాక్టీస్‌కి ఇంట్లోనే ఉంచుకోండి.

ప్రశ్న: స్క్రీన్ మీద రంగులు నమ్మొచ్చా? ఫోన్‌లో ఒకలా, లాప్‌టాప్‌లో ఒకలా కనిపిస్తున్నాయి.

జవాబు: నమ్మకండి. స్క్రీన్ సంగతి అటుంచితే అసలు బొమ్మనే పూర్తిగా నమ్మలేం. వాన్ గో పడకగది బొమ్మలో గోడలు మనకి నీలంగా కనిపిస్తాయి కదా, ఉత్తరంలో ఆయన రాసింది లేత వయొలెట్ అని. అందులో కలిపిన ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. కాబట్టి రంగు పేరు కాదు, పక్కపక్క రంగుల మధ్య తేడా చూడండి, ఇది దానికంటే వెచ్చగా ఉందా, ముదురుగా ఉందా అని. ఇంకా మంచిది, స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి ముందు పెన్సిల్‌తో వెలుగునీడలు తేల్చుకోండి, అవి కుదిరాక రంగు కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిలబడుతుంది.

జూమ్ విషయంలో మాత్రం స్క్రీనే గెలుస్తుంది. ఆమ్‌స్టర్‌డాం రైక్స్ మ్యూజియం 2022లో రెంబ్రాంట్ నైట్ వాచ్‌ని 717 గిగాపిక్సెల్స్‌లో పెట్టింది, ఒక మిల్లీమీటర్‌కి 200 పిక్సెల్స్ లెక్కన. బొమ్మ ముందు నిలబడ్డా అంత దగ్గరికి ఎవరూ వెళ్ళనివ్వరు. కానీ అలా జూమ్‌లోనే ఉండిపోవద్దు. వెర్మీర్ ముత్యపు లోలాకు అమ్మాయిని చూడండి, దగ్గరికెళ్తే ముత్యమే లేదు, పైన ఒక మందపాటి తెల్ల చుక్క, కింద తెల్ల కాలర్ ప్రతిబింబంలాంటి మసక వెలుగు, తగిలించే కొక్కెం కూడా లేదు. వెనక్కొస్తే మళ్ళీ ముత్యం.

ప్రశ్న: ఇదంతా చెయ్యాలంటే ఆయిల్ కలర్స్, కాన్వాస్ అన్నీ కొనాలా మేడం?

జవాబు: వద్దండీ. ఒక పెన్సిలు, ఒక గోధుమరంగు, ఒక బ్రష్. కుందేలు అయ్యేదాకా ఇంకేమీ కొనకండి.